సరిహద్దు జిల్లాల నుంచి సినిమా, ఫొటోగ్రఫీ చదువు: హైదరాబాదా, కటకా, పుణేనా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశాలోని ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగు ఇంటి పిల్లలు ప్లస్ టూ (ఇంటర్) అయ్యాక "కెమెరా కోర్సు చేస్తా" అంటే ఇంట్లో వెంటనే లేచే పేరు హైదరాబాద్. చుట్టాలు అక్కడుంటారు, సినిమావాళ్లు అక్కడుంటారు, భాషా మనదే. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు దగ్గరికొచ్చేసరికి చుట్టరికమూ భాషా ఎవరూ చూడరు, ఏ రాష్ట్రంలో చదివారో చూస్తారు. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడుకున్నా కాగితాల మీద మనం ఒడిశా విద్యార్థులం. ఈ సంగతి మొదట్లోనే తలకెక్కితే సగం తిరుగుడు తప్పుతుంది.

ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ల ఊసు ఇక్కడ ఎత్తడం లేదు. లక్షల్లో ఫీజు కట్టగలిగినవాళ్లకి సలహాలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రభుత్వ ఫీజుతో, హాస్టల్లో ఉండి చదవాల్సిన పిల్లల కోసం ఇది.

ప్లస్ టూ తర్వాతా, ప్లస్ త్రీ (డిగ్రీ) తర్వాతా?

ఏ ఊరు అన్నదానికంటే ముందు తేలాల్సిన విషయం ఇది. దేశంలో సినిమా చదువుకి పెద్ద పేరున్న రెండు ప్రభుత్వ సంస్థలు, పుణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్. రెండింటిలోనూ ప్రధానమైన మూడేళ్ల కోర్సులు డిగ్రీ పాసైనవాళ్లకే. ప్లస్ టూ మార్కుల లిస్టు పట్టుకుని అక్కడికి వెళ్లి లాభం లేదు. ఏటా ఎవరో ఒకరు మే నెలలో ఈ విషయం కనుక్కుని డీలా పడుతుంటారు.

ప్లస్ టూతోనే దొరికేవి వేరే ఉన్నాయి. హైదరాబాద్‌లో నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ (బీఎఫ్ఏ), కటక్‌లో డిప్లొమా, చెన్నైలో నాలుగేళ్ల విజువల్ ఆర్ట్స్ డిగ్రీ. కాబట్టి మీ ముందున్నవి రెండు దారులు. ఇప్పుడే చేతికి పని నేర్పే కోర్సులో చేరడం ఒకటి. మన దగ్గరే ఏదో ఒక ప్లస్ త్రీ తక్కువ ఖర్చులో పూర్తిచేసి, ఆ తర్వాత పెద్ద సంస్థకి గురిపెట్టడం రెండోది. ఎక్కువమందికి రెండో దారే మంచిదని నా అభిప్రాయం. ఎందుకో కింద చెప్తాను. ఫొటోగ్రఫీ మీదే పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం ఈ మాట అంతగా వర్తించదు.

హైదరాబాద్: ఒకే ఊళ్లో రెండు రకాల గేట్లు

మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది. దాని కింద ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీ మాత్రం 1940 నుంచీ ఉన్నదే. అక్కడ ఫొటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్‌లో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలో, ప్లస్ టూ తర్వాత, ఫొటోగ్రఫీయే ప్రధాన సబ్జెక్టుగా పూర్తి డిగ్రీ ఇచ్చే చోట్లు దేశంలో చాలా తక్కువ. ఫొటోగ్రఫీ కావాలనేవాళ్లు మొదట చూడాల్సిన కోర్సు ఇదే.

ప్రవేశం ఫాడీ అనే ఎంట్రెన్స్ ద్వారా. ఇది ఫైన్ ఆర్ట్స్ వాళ్లు పెట్టే పరీక్ష, అందుకే డ్రాయింగ్ బొత్తిగా రాకపోతే ఇబ్బంది. కెమెరా ఉంది కదా, గీతలతో ఏం పని అనుకునే పిల్లలు ఇక్కడే దెబ్బ తింటారు. ప్లస్ టూ మొదటి ఏడాది నుంచే పెన్సిల్ పట్టుకుని రోజూ ఓ అరగంట, కళ్లముందు కనిపించిన వీధో, రైల్వే ప్లాట్‌ఫారమో, సంత రోజు కూరగాయల బండో గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి గీస్తూ ఉండాలి. ఫ్రేము కట్టడానికి కూడా ఆ అలవాటు పనికొస్తుంది కాబట్టి ఆ శ్రమ వృథా పోదు.

ఇక అసలు చిక్కు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఆధారంగా అక్కడి రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకే. లోకల్ అనిపించుకోవాలంటే ప్రధాన షరతు, అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండటం. మిగిలిన 15 శాతానికీ వేరే షరతులు ఉంటాయి, తల్లిదండ్రులు అక్కడ ఎన్నాళ్లు నివసించారు, ఏ ఉద్యోగంలో ఉన్నారు లాంటివి. అది అందరికీ బార్లా తెరిచిన తలుపు అనుకోవద్దు. నోటిఫికేషన్‌లో అర్హతల పేజీని పెద్దవాళ్లు కూడా కూర్చుని, ప్రతి లైనూ చదవాలి.

పర్లాకిమిడి వాళ్లు చాలామంది పిల్లల్ని గట్టు దాటించి పాతపట్నంలోనో, ఇంకాస్త దూరంగా శ్రీకాకుళం, విశాఖల్లోనో ఇంటర్‌లో చేర్పిస్తారు. దానివల్ల తెలుగు చదవడం బాగుపడుతుంది, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ దొరుకుతుంది, అవన్నీ నిజమే. కానీ రెండేళ్ల ఇంటర్‌తో నాలుగేళ్ల లెక్క పూర్తికాదు. పైగా పాతపట్నం, శ్రీకాకుళం ఆంధ్రలోవి, ఈ యూనివర్సిటీ తెలంగాణలోది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉమ్మడి ప్రవేశాలకి ఇచ్చిన పదేళ్ల గడువు 2024తో ముగిసింది కూడా. మేనమామ కూకట్‌పల్లిలో ఉన్నాడని సీటు లోకల్ కోటాలోకి రాదు.

ఆంధ్ర వైపు చూస్తే కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, దానికి ఆడ్‌సెట్ అనే ఎంట్రెన్స్ రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం మనకి దగ్గర. రాయగడ నుంచి పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటారు. కానీ లోకల్, నాన్‌లోకల్ గొడవ అక్కడా ఉన్నదే.

అదే హైదరాబాద్‌లో రెండో గేటు గచ్చిబౌలిలో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్ 1988లో మొదలైంది. అందులో కమ్యూనికేషన్ విభాగం ఎం.ఏ. ఇస్తుంది, డిగ్రీ తర్వాత సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ఎంట్రెన్స్ రాసి వెళ్లాలి. ఇది కేంద్ర విశ్వవిద్యాలయం. రాయగడ పిల్లకైనా రాజేంద్రనగర్ పిల్లకైనా ఒకే మెరిట్ లిస్టు. అక్కడ చేరేవాళ్లు వీడియో, డాక్యుమెంటరీ పనీ నేర్చుకుంటారు, మీడియా గురించి చదవడం, రాయడం కూడా బాగానే ఉంటుంది. పూర్తిగా కెమెరామన్ అవుదామనుకునేవాళ్లకి అది చాలదు. డాక్యుమెంటరీలు తీయాలి, మన కొండల్లోని ఊళ్ల మీద పని చేయాలి అనుకునేవాళ్లకి చక్కగా సరిపోతుంది.

కటక్: తీసిపారేయాల్సింది కాదు

మనవాళ్లు చిన్నచూపు చూసే చోటు కటక్. బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ 1998 నుంచి అక్కడ పాత ఇంజనీరింగ్ స్కూల్ ఆవరణలో నడుస్తోంది. అది యూనివర్సిటీ కాదు, రాష్ట్ర ప్రభుత్వ సాంకేతిక విద్య కింద ఉన్న సంస్థ. సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్, ఈ మూడూ నేర్పుతారు. డైరెక్షన్ కోర్సు కోసం వెళ్లేవాళ్లకి అక్కడ పనిలేదు.

కటక్ లాభం స్పష్టం. మనం ఒడిశా విద్యార్థులం కాబట్టి ఇక్కడ లోకల్ మనమే. రెసిడెన్స్ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్ ఉన్నవి ఉన్నట్టు చెల్లుతాయి, ఒడిశా స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తుకి అడ్డు రాదు. భువనేశ్వర్ పక్కనే, ఒడియా సినిమాలు, ఆల్బమ్ పాటలు, టీవీ సీరియళ్లు తీసేది ఆ రెండు ఊళ్లలోనే. చదువుతుండగానే సెట్ మీద లైట్ స్టాండ్ మోసే పని దొరికే అవకాశం ఎక్కువ. బరంపురం నుంచి కొన్ని గంటల ప్రయాణం, ఇంటికి రావాలనిపిస్తే శనివారం రాత్రికి వచ్చేయొచ్చు.

నష్టం కూడా అంతే స్పష్టం. చేతికొచ్చేది డిప్లొమా, డిగ్రీ కాదు. రేపు పుణే వెళ్లాలనిపిస్తే డిప్లొమా ఒక్కటే చూపిస్తే కుదరదు, డిగ్రీ అడుగుతారు. అందుకే కటక్‌లో చేరే పిల్లలకి ఒక మాట చెప్తాను. పక్కనే ఇగ్నోలోనో, ఒడిశా ఓపెన్ యూనివర్సిటీలోనో దూరవిద్య డిగ్రీ మొదలుపెట్టండి. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి ఒప్పుకుంటోంది. చేరే చోట ఆ విషయం ముందే అడిగి, కాగితం మీద స్పష్టం చేసుకోవాలి. మూడు నాలుగేళ్లకి చేతిలో పనీ ఉంటుంది, డిగ్రీ పట్టా కూడా ఉంటుంది.

సౌండ్, ఎడిటింగ్‌లని రెండో రకం పనులుగా చూసే అలవాటు మన దగ్గర ఉంది. చుట్టాలకి చెప్పుకోవడానికి "కెమెరామన్" అన్నమాట బాగుంటుంది మరి. నిజానికి చిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి త్వరగా రోజువారీ పని దొరికేది ఎడిటింగ్ టేబుల్ దగ్గరే. కెమెరామన్‌ని నమ్మి షూటింగ్ అప్పజెప్పాలంటే నిర్మాత డబ్బు మొత్తం పణంగా పెట్టాలి. ఎడిటింగ్ అసిస్టెంట్‌కి ఒక రీలిచ్చి చూడటానికి ఎవరూ అంత భయపడరు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన పిల్లలకి డబ్బింగ్ స్టూడియోల్లోనూ గిరాకీ ఉంటుంది. మూడు భాషలు చెవితో పట్టుకోవడం మన సరిహద్దు పిల్లలకి పుట్టుకతో వచ్చిన ఆస్తి. సినిమా మీద ఇష్టం ఉండి చెవి చురుగ్గా ఉన్న పిల్లలు సౌండ్ ఎందుకు తీసుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చెన్నై సంగతి రెండు మాటల్లో

తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాతది, పీ.సీ. శ్రీరామ్ లాంటి కెమెరామన్ చదివిన చోటు. ఇప్పుడు నాలుగేళ్ల విజువల్ ఆర్ట్స్ డిగ్రీ ఇస్తోంది. మద్రాస్ మెయిల్ బరంపురం మీదుగానే పోతుంది కాబట్టి ప్రయాణం కష్టం కాదు. అది తమిళనాడు ప్రభుత్వానిది, సీట్లలో పెద్దపీట వాళ్ల పిల్లలకే, రోజువారీ మాటంతా తమిళమే. ప్రయత్నించొచ్చు. ఒక్క దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

పుణే, కోల్‌కతా: ఆలస్యంగా వెళ్లినా పర్లేదు

పుణే సంస్థ 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. 1974లో టెలివిజన్ విభాగం ఢిల్లీ నుంచి అక్కడికి చేరింది. కోల్‌కతా సంస్థ 1995లో వచ్చింది. 2025లో కేంద్రం రెండింటికీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా ఇచ్చింది. ఇన్నాళ్లూ వాటి పట్టాని పీజీ డిప్లొమా అనేవారు. ఇకపై డిగ్రీల విషయంలో మార్పులు వస్తుంటాయి, అందుకని అయిదేళ్ల కిందట చదివిన అన్నల మాట మీద ఆధారపడకుండా ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూడాలి.

ఇవి కేంద్ర ప్రభుత్వ సమాచార, ప్రసార శాఖ కిందివి. రాష్ట్రం గొడవ లేదు. మల్కాన్‌గిరి నుంచి రాసినా ముంబై నుంచి రాసినా ఒకటే. సరిహద్దు పిల్లలకి ఇవి అన్నిటికంటే న్యాయంగా ఉన్నాయని నేననేది అందుకే. పోటీ మాత్రం ఘోరం. పుణేలో ఒక్కో విభాగానికి సీట్లు పదికి కాస్త అటూఇటూ. రాత పరీక్ష దాటాక ఇంటర్వ్యూలో మిమ్మల్ని కూర్చోబెట్టి అడుగుతారు, ఏం చూశావు, ఏం చదివావు, నీ ఊళ్లో నీకేం కనిపించింది అని. కోచింగ్‌లో బట్టీ పట్టిన జవాబులు అక్కడ ఎక్కువసేపు నిలబడవు. గుణుపురం బస్టాండు గురించి నాలుగు నిమిషాలు శ్రద్ధగా మాట్లాడగలిగినవాళ్లకి, ప్రపంచ సినిమా పేర్లు జపించేవాళ్లకంటే అవకాశం ఎక్కువ.

ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పుణేలో సౌండ్ విభాగానికి ప్లస్ టూలో ఫిజిక్స్ చదివి ఉండాలన్న నిబంధన పాతదే. ఆర్ట్ డైరెక్షన్‌కి ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ లాంటి డిగ్రీలు అడుగుతారు. అంటే పదో తరగతి అయ్యాక, సినిమా అంటే ఆర్ట్సే కదా అని ఆర్ట్స్ గ్రూప్ తీసుకున్న పిల్లలు తమకి తెలియకుండానే సౌండ్ తలుపు మూసేసుకుంటారు. సైన్స్‌లో మరీ వెనకబడకపోతే ప్లస్ టూ సైన్స్ తీసుకోమంటాను. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్‌లకి ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు.

కాబట్టి పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీలోనో, రాయగడ అటానమస్ కాలేజీలోనో, జయపురం విక్రమ్ దేవ్ యూనివర్సిటీలోనో ప్లస్ త్రీ చేస్తూ మూడేళ్లు సిద్ధపడొచ్చు. ఫీజు తక్కువ, ఇంటి తిండి. మిగిలిన డబ్బుతో ఒక మోస్తరు కెమెరా, ఎడిటింగ్ మోయగల లాప్‌టాప్ కొనొచ్చు. మూడేళ్లలో నాలుగు చిన్న సినిమాలు తీసి, పదిమందికి చూపించి, తిట్లు తిన్న పిల్లలు ఇంటర్వ్యూలో వేరేగా మాట్లాడతారు. చరిత్రో, ఇంగ్లిష్ సాహిత్యమో, ఆంత్రోపాలజీయో చదివితే అది తర్వాత కథల్లో పనికొస్తుంది. ఇంజనీరింగ్‌లో చేరి నాలుగేళ్లు ఏడ్చి తర్వాత సినిమాకి రావడం కంటే ఇది చవక కూడా. ఇంజనీరింగ్ చేసి వచ్చినవాళ్లలో గొప్పవాళ్లు లేరని కాదు, వాళ్లు వచ్చింది ఇంజనీరింగ్ వల్ల కాదు.

పుణేకి దూరం అని భయపడక్కర్లేదు. బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అదే బండి విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్ దాటి పుణే పోతుంది. కోల్‌కతా ఇంకా దగ్గర. ఖర్చు, తిండి, మధ్యలో ఇంటికి రావడం చూసుకుంటే మనవాళ్లకి కోల్‌కతా సులువు. ప్రొడ్యూసింగ్, యానిమేషన్‌కి విడిగా కోర్సులు ఉండటం కూడా ఆ సంస్థకి కలిసొచ్చేది. తెలుగు సినిమాలో పనిచేయాలన్న ఆలోచన ఉంటే పుణే నుంచి హైదరాబాద్‌కి బాట ఇప్పటికే పడి ఉంది. రాజమౌళి సినిమాలకి కెమెరా పట్టిన కె.కె. సెంథిల్ కుమార్ పుణేలో చదివినవారే.

ఒక్క హెచ్చరిక. పుణేలో మూడేళ్ల కోర్సు మూడేళ్లలో పూర్తికాని బ్యాచ్‌లు ఉన్నాయి. 2015లో విద్యార్థుల సమ్మె నెలల తరబడి సాగింది. ఇంట్లో జీతం కోసం ఎదురుచూసే పరిస్థితి ఉంటే ఈ లెక్క కూడా వేసుకోండి.

చేరేముందు రుచి చూడాలనుంటే, పుణేలో వేసవిలో ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సు పెడుతుంటారు, కొన్ని వారాలపాటు. ఎఫ్‌టీఐఐ చిన్న చిన్న కోర్సులు వేరే ఊళ్లలోనూ నడుపుతోంది. మూడేళ్లు పెట్టాలా వద్దా అన్న సందేహం అలాంటి చోట తేలిపోతుంది.

పేరు ఒకటి, చదువు వేరు

ఈ ఒక్క గందరగోళం వల్లే ఎక్కువ ఏళ్లు పాడవుతున్నాయి. యూనివర్సిటీ వెబ్‌సైట్లో "ఫిల్మ్" అన్న మాట కనిపించగానే అక్కడ కెమెరా చేతికిస్తారని అనుకోవడం పొరపాటు.

కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఫిల్మ్ స్టడీస్ విభాగం 1993 నుంచి ఉంది, దేశంలో ఆ సబ్జెక్టుకి దారి వేసిన విభాగం. చాలా మంచి విభాగం. కానీ అక్కడ సినిమాలు చదువుతారు, సినిమా చరిత్ర, సిద్ధాంతం, విమర్శ. రేపు లెక్చరర్‌గా, క్యూరేటర్‌గా, సినిమా మీద రాసేవాళ్లుగా స్థిరపడాలనుకునేవాళ్లకి అది సరైనది. లైటింగ్ నేర్చుకోవాలని వెళ్తే మొదటి నెలలోనే విసుగొస్తుంది.

ఢిల్లీ జామియా మిలియాలోని మాస్ కమ్యూనికేషన్ సెంటర్ 1982లో వచ్చింది. దాని ఎం.ఏ.లో వీడియో, డాక్యుమెంటరీ పని గట్టిగా ఉంటుంది. జర్నలిజం అని పేరు పెట్టుకోకుండా తీయడం నేర్పే ప్రభుత్వ చోట్లలో అది ముందుంటుంది. ఫొటోగ్రఫీనే పీజీ స్థాయిలో చదవాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్. అనే పీజీ ఉంది. అది కూడా కేంద్ర సంస్థే, అక్కడా మన రాష్ట్రం ఏదన్నది అడ్డు కాదు.

ఇక ఇంటి దగ్గరివి. బరంపురం యూనివర్సిటీలోనూ, కొరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ పీజీలు ఉన్నాయి. ఇవి పత్రికా, టీవీ ఉద్యోగాల వైపు నడిపే చదువులు. వీడియో ప్రొడక్షన్ అందులో ఒక పేపరు. చేరితే తప్పేం లేదు, కొరాపుట్‌లో చదివేవాళ్లకి చుట్టూ ఉన్న కొండలే డాక్యుమెంటరీ తీయడానికి కావాల్సినంత సరుకు. సినిమా చదువుతున్నామని మాత్రం చెప్పుకోకూడదు. ఖల్లికోట, భువనేశ్వర్ ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలు బొమ్మలు, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ వాళ్లవి. తర్వాత ఆర్ట్ డైరెక్షన్ వైపు వెళ్లాలనుకుంటే అవి చక్కటి మెట్టు.

స్టూడియోలో పని నేర్చుకుంటే చాలదా?

ఈ ప్రశ్న తండ్రులు అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది. మన ఊళ్లలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఒడియా పెళ్లీ తీస్తారు, తెలుగు పెళ్లీ తీస్తారు, సీజన్లో ఖాళీ ఉండదు. డ్రోన్, ప్రీవెడ్డింగ్ షూట్, ఆల్బమ్ అన్నీ కలిపి మంచి ఆదాయం. రెండేళ్లు అసిస్టెంట్‌గా తిరిగితే పని వచ్చేస్తుంది.

ఏం రాదో ఒక ఉదాహరణ చెప్తాను. రాత్రి ముహూర్తం. మండపం పైన పసుపు హాలోజెన్ దీపాలు, వెనక డెకరేషన్ వాళ్ల ఊదారంగు ఎల్ఈడీలు, పక్కన వీడియో వాళ్ల తెల్ల లైటు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురి బుగ్గ ఒకవైపు నారింజ, ఇంకోవైపు నీలం, చెంపల కింద ఆకుపచ్చ నీడ. స్టూడియో కుర్రాడు ఏం చేస్తాడు? క్లిక్ కొట్టి, ఇంటికొచ్చి, ఎవరో ఇచ్చిన ప్రీసెట్ (ముందే తయారుచేసిన రంగుల సెట్టింగ్) వేస్తాడు. మొహం సరిపడితే పట్టుచీర రంగు మారిపోతుంది, చీర సరిచేస్తే మొహం పాలిపోతుంది. చివరికి విసుగొచ్చి బ్లాక్ అండ్ వైట్ చేసేస్తాడు.

వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారని, హాలోజెన్ వెలుతురు 3200 కెల్విన్ దగ్గర, పగటి వెలుతురు 5600 దగ్గర ఉంటుందని, కెమెరా ఒకసారికి ఒక్కదాన్నే తెలుపుగా చూడగలదని తెలిసినవాళ్లు ముహూర్తానికి గంట ముందే వెళ్తారు. వీడియో లైటు మీద ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వేసి హాలోజెన్‌తో కలుపుతారు, మొహం వైపు తిరిగిన ఊదారంగు ఎల్ఈడీని వెనక్కి తిప్పమని డెకరేషన్ వాళ్లని బతిమాలుతారు, చవక ఎల్ఈడీ ఎందుకు పచ్చగా కొడుతుందో అర్థం చేసుకుని దాన్ని మొహానికి దూరంగా పెడతారు. అదే పెళ్లి, అదే కెమెరా, ఫొటో వేరు. ఇది స్టూడియోలో నేర్చుకోలేమని కాదు. నేర్పేవాళ్లకి తెలిసి ఉండాలి, నేర్పడానికి తీరిక ఉండాలి, సీజన్లో ఎవరికీ ఆ తీరిక ఉండదు. మంచి కోర్సులో ఒక మొహాన్ని ఒక్క లైటుతో వారం పాటు వెలిగించమంటారు. విసుగ్గా ఉంటుంది, ఉపయోగం అక్కడే ఉంది.

పెళ్లి వ్యాపారమే లక్ష్యం అయితే నాలుగేళ్ల డిగ్రీ అనవసరం. అసిస్టెంట్‌గా చేరి, మధ్యలో ఒక చిన్న లైటింగ్ కోర్సు చేస్తే చాలు. ఇది నేను నిజాయితీగా చెప్పే మాట, కాలేజీ వాళ్లకి నచ్చకపోవచ్చు.

క్యాంపస్‌కి వెళ్లి ఏం చూడాలి

బ్రోచర్‌లో కెమెరా ఫొటో ఉంటుంది. ఆ కెమెరా విద్యార్థి చేతికి ఎన్నాళ్లకి వస్తుందో ఉండదు. ఒక్కసారి వెళ్లి, ఆఫీసు దగ్గర కాకుండా క్యాంటీన్‌లో, ఆఖరి ఏడాది పిల్లలతో మాట్లాడండి. ఒక్కో బ్యాచ్‌కి ఎన్ని కెమెరాలు, రాత్రి ఎడిటింగ్ ల్యాబ్ తెరిచి ఉంటుందా, లెన్స్ పాడైతే బాగుచేయడానికి ఎన్ని నెలలు, పర్మనెంట్ ఫ్యాకల్టీ ఎంతమంది, గెస్ట్‌లు నిజంగా వస్తారా. ఆఖరి ఏడాది వాళ్ల ప్రాజెక్ట్ సినిమా ఒకటి చూపించమనండి. సౌండ్ గమనించండి. మాట వినపడకపోతే ఆ సంస్థలో సౌండ్ విభాగం ఎలా ఉందో చెప్పక్కర్లేదు. అమ్మాయిల్ని పంపేవాళ్లు రాత్రి షూటింగ్‌ల నుంచి హాస్టల్‌కి రావడానికి ఏర్పాటు ఏముందో కూడా అడగాలి. మొహమాటపడే విషయం కాదు.

భాష గురించి ఒక మాట. ఎక్కడ చదివినా పాఠం ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. ఒడియా మీడియం నుంచి వెళ్లే మన పిల్లలకి మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. మనలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, గడగడా చదవడం రాదు. హైదరాబాద్‌లో పనిచేయాలనుకుంటే స్క్రిప్ట్ తెలుగులోనే వస్తుంది, ఇప్పటి నుంచే పేపరు చదవడం మొదలుపెట్టాలి.

మరి ఎవరికి ఏది?

ఫొటోగ్రఫీ మీదే ప్రాణం, డ్రాయింగ్ కూడా వచ్చు అంటే హైదరాబాద్ బీఎఫ్ఏ అర్హతలు మొదట చూడండి. అక్కడ కుదరకపోతే ప్లస్ త్రీ చేసి ఎన్ఐడీకి గురిపెట్టండి. సినిమా కెమెరా, డైరెక్షన్ కావాలి, ఇంట్లో అయిదారేళ్లు ఆగే ఓపిక ఉంది అంటే దగ్గర్లో ప్లస్ త్రీ, తర్వాత పుణే, కోల్‌కతా, జామియా మూడింటికీ రాయండి. త్వరగా సంపాదించాలి, ఒడిశాలోనే ఉండాలి అంటే కటక్‌లో ఎడిటింగ్ లేదా సౌండ్, పక్కన దూరవిద్య డిగ్రీ. తీయడం కంటే రాయడం, చెప్పడం ఇష్టం అంటే గచ్చిబౌలి లేదా జాదవ్‌పూర్.

ఏది ఎంచుకున్నా కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టాలి. కేంద్ర సంస్థలకి ఒడిశా ఎస్ఈబీసీ (రాష్ట్ర జాబితా వెనకబడిన తరగతుల) సర్టిఫికెట్ చెల్లదు. కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ విడిగా తహసీల్దార్ ఆఫీసులో తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో లేకపోవడమూ ఉంటుంది, కాబట్టి ముందు జాబితా చూడండి. ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్లు కూడా కేంద్రం అడిగే నమూనాలోనే ఉండాలి. ఒడిశాలో ఎస్టీ అయినవాళ్లకి తెలంగాణ, ఆంధ్ర రాష్ట్ర కోటాల్లో ఆ రిజర్వేషన్ వర్తించదు, పుణేలో వర్తిస్తుంది. పేరు స్పెల్లింగ్ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం మన దగ్గర మామూలే. తెలుగు ఇంటిపేరుని ఒడియాలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చేసరికి అక్షరాలు తారుమారవుతాయి. దాన్ని సరిచేయించడానికి నెలలు పడుతుంది, ఎంట్రెన్స్ నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు.